చిల్లగింజ అరగదీసిన నీళ్ళు

సోమి ఇంట్లో వానాకాలం మంచినీళ్ళు తాగినవాళ్ళు ఊరు దాటాక కూడా ఆ మాట చెప్పుకుంటారు. ఉసూర్ నుంచి కాలిబాటన సగం పూట నడిస్తే వచ్చే దోర్ల ఆదివాసుల ఊరది. వానలు మొదలైతే వాగు ఎర్రబడుతుంది, ఇసుకలో తీసిన చెలమలూ ఎర్రబడతాయి, ఏ గడప తొక్కినా చెంబులో టీ రంగు నీళ్ళే. సోమి కుండలో మాత్రం అడుగున పడిన బియ్యపుగింజ కనబడుతుంది.

ఇందులో మాయేమీ లేదు. అడవిలో చిల్లచెట్ల కింద పండు రాలితే ఊరంతా ఏరుకొస్తుంది. గుజ్జు కడిగి, గింజలు ఎండబెట్టి సంతకు మోస్తుంది. సోమి అందులోంచి గుప్పెడు తీసి సొరబుర్రలో దాచుకుంటుంది. బురదనీళ్ళు తెచ్చిన రోజు ఒక గింజను కుండ లోపలి గోడకు గిరగిరా అరగదీసి, నీళ్ళు పోసి, మూత పెట్టి, ఇక ఆ దరిదాపులకు ఎవర్నీ పోనివ్వదు. కోడి వెళ్ళినా అదిలిస్తుంది. వంట అయ్యేసరికి బురదంతా ముద్దకట్టి అడుగుకు దిగుతుంది, పైన నీరు తేటబడుతుంది. ఈ పని తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. అంతసేపు కాచుకుని కూర్చునే ఓపిక మాత్రం సోమికే ఉంది.

“నన్నూ ఒకపాలి ఆ గింజేసి రుద్దరాదే సోమీ” అంటాడు ఆమె మొగుడు మాడ. “కల్లు కిందికి దిగి మనిషి పైకి తేల్తడేమో చూద్దం.”

“నీకు గింజ చాలదు, చెట్టే గావాలె” అంటుందామె.

నవ్వులాట ఎలా ఉన్నా ఒక్క విషయంలో ఆమె పట్టు పట్టే మనిషి. ఇంటికొచ్చినవాడి చేతిలో బురదనీళ్ళు పెడితే, అసలు నీళ్ళే ఇవ్వనట్టని ఆమె లెక్క. దారిన పోయే పశువుల కాపరైనా సరే, పోలీసు క్యాంపు నుంచి గస్తీకి వచ్చిన జవానైనా సరే, తేట నీళ్ళే. కుండ ఇంకా తేరుకోకపోతే “జరసేపు కూసో, నీళ్ళు దిగుతున్నయ్” అని దాహంతో ఉన్నవాణ్ణి దాహంతోనే కూర్చోబెడుతుంది.

ఆమెది కిష్టారం వైపు పుట్టిల్లు. పెళ్ళై ఈ ఊరొచ్చిన మొదటి వానాకాలంలోనే చేపలు ఎదురెక్కడం చూసింది. ఊరి వెనక రెండు గుట్టల మధ్య లోయలోంచి దిగుతుంది వాగు. తొలి పెద్దవానకు నీరు తోసుకొచ్చిన రోజున కింద తాలిపేరు నది నుంచి చేపలు ప్రవాహానికి ఎదురు తిరిగి పైకి వస్తాయి. బండల మీద జారే పల్చని నీళ్ళలో పొట్టల మీద పాకుతూ, ఎగిరి కిందపడుతూ, మళ్ళీ ఎగురుతూ లోయ పైనున్న మడుగుకు చేరి అక్కడ గుడ్లు పెడతాయి. వాటిలో ఒక రకం వేలెడంతే ఉంటుంది. దానికి ఎగరడం చేతకాదు. పొట్టతో బండను అంటిపెట్టుకుని, నీటి తోపు కాస్త తగ్గినప్పుడు జానెడు దూరం జరిగి, మళ్ళీ అంటుకుంటుంది. బండపట్టు అంటారు దాన్ని. తింటే ముల్లు తప్ప ఏమీ ఉండదు. కొత్త పెళ్ళికూతురు సోమి బుట్ట పక్కన పెట్టేసి, ఆ చిన్నది ఒక బండ దాటేదాకా చూస్తూ కూర్చుందని, ఆ రోజు కూర లేకుండానే కుటుంబమంతా అన్నం తిన్నదని ఆడబిడ్డ మంగి ఇప్పటికీ దెప్పుతుంది.

తరవాత ఊరు ఖాళీ అయిన ఏళ్ళొచ్చాయి. ఏ తుపాకులకు భయపడి ఖాళీ అయిందో అటువైపు అందరికీ తెలుసు గనుక ఎవరూ విడమర్చి చెప్పరు. సోమి, మాడ చెర్ల దగ్గర మిరపచేలలో కూలికి పోయారు. మిరప ఘాటుకు కళ్ళు మండుతూ, చేను గట్టున తాటాకు గుడిసెలో ఎన్నో వానాకాలాలు గడిపారు. పుట్టిన ఒక్క బిడ్డా అక్కడే జ్వరంతో పోయింది. తిరిగొచ్చేసరికి ఇంటికి నిట్రాళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. పొలంలో తుమ్మ మొలిచింది. దారులు కూడా అడవిలో కలిసిపోయాయి. ఆ యేడు తొలివానకు సోమి ఒక్కతీ వాగు గట్టుకు వెళ్ళి నిలబడింది. చేపలు వచ్చాయి. “ఇయ్యి పోలే” అందట మొగుడితో ఇంటికొచ్చి. ఆ సాయంత్రమే కొత్త ఇంటికి గుంజలు కొట్టడం మొదలుపెట్టారు.

అందుకే, గనుల కంపెనీ ఇనుపరాయి కోసం గుట్ట తవ్వుతుందనీ, తవ్విన వట్టి మట్టినంతా ఈ లోయలో పోస్తుందనీ తెలిసినప్పుడు, ఊళ్ళో మిగతావాళ్ళు పొలాల గురించి అడిగితే సోమి వాగు గురించి అడిగింది. సర్వే వాళ్ళు నవ్వారు. వాగు ఎక్కడికీ పోదు, పక్కగా కాలువ తవ్వి మళ్ళిస్తామన్నారు. కాలువలోకి చేప ఎలా ఎక్కుతుందని ఆమె అడిగితే టేపు చుట్టుకుని పక్క పొలంలోకి నడిచారు.

పైనెక్కడో ఒక కమిటీ కూర్చుంది. ఆ లోయ గుడ్లు పెట్టే చేపలు ఎదురెక్కే తావని రుజువైతే మట్టి పోయడానికి మరో చోటు చూడమంటామంది. రుజువు తెచ్చే పని ఒక నగరంలోని ల్యాబుకు అప్పగించారు. ఆ ల్యాబు నుంచి వచ్చినవాడే యేసుపాదం.

యేసుపాదం వాళ్ళ నాన్న కిరందుల్ రైలు లైన్లో గ్యాంగుమన్. విజయనగరం వైపు నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డ కుటుంబం. యేసుపాదం ముప్ఫై దాటిన మనిషి. చిన్నప్పుడు క్వార్టర్ల వెనక పారే గనుల ఎర్రనీళ్ళలో చేప కోసం గాలమేసి, ఎన్నాళ్ళేసినా ఒక్కటి కూడా పడక, ఆ పిచ్చితోనే చేపల చదువు చదివానని చెప్పుకునేవాడు. హిందీ, హల్బీ, తెలుగు మూడూ కలిపి మాట్లాడతాడు. మొదటి రోజే సోమిని “అత్తా” అని పిలిచాడు.

“అత్తనా? నాకు బిడ్డ లేదు, నీకియ్యడానికి” అంది సోమి.

“బిడ్డ లేకపోతే మానె, ఓ ముద్ద అన్నం ఎట్టవేటి?”

“అడిగే తీరు జూడు!” అని మంగి మూతి తిప్పింది గానీ, ఆ పూట నుంచి అతను ఆ ఇంటి అల్లుడే అయిపోయాడు.

అది మే నెల. వాగు సన్నగా, అద్దంలా ఉంది. యేసుపాదం సంచీలోంచి చేతి తొడుగులు, పెద్ద సిరంజి, గుప్పిట్లో ఇమిడే గుండ్రటి తెల్ల డబ్బీ తీశాడు. ఆ డబ్బీ లోపల సన్నని వడపోత పొర ఉంటుంది. సిరంజితో నీళ్ళు దానిలోంచి నెడితే నీళ్ళు బయటికి పోయి, నీళ్ళలో ఉన్నది పొరకు అంటుకుంటుంది.

“ఏముంటది నీళ్ళల్ల?” అని అడిగాడు మాడ.

“చేప ఈదినప్పుడు ఒంటి జిగురు, పొలుసు పొడి, పెంట అన్నీ నీళ్ళలో కలుస్తాయి మామా. కంటికి కనబడవు. ఆ పొడిలో ఏ చేపకా చేప రాత వేరేగా ఉంటాది. డీఎన్ఏ అంటారు. నాలుగే అక్షరాలు, వాటినే మార్చి మార్చి ఎంతో పొడుగు రాసుంటాది. మిషను దాన్ని చదువుతాది.”

“చేపను పట్టకుండనే?” అంది సోమి.

“పట్టక్కర్లేదు, చూడనైనా అక్కర్లేదు. చెంబుడు నీళ్ళల్లోంచి లక్షల ముక్కలొస్తాయత్తా. కంప్యూటరు వాటిని ఒకేలాంటివన్నీ ఒక కుప్పగా ఏరుతాది, మీరు ఇప్పపువ్వు ఏరినట్టే. తరవాత ఒక్కో కుప్పనీ మా దగ్గరున్న రాతలతో సరిచూసి, ఇది ఫలానా చేపని చెప్తాది.”

మాడ కాసేపు ఆలోచించాడు. “మా ఆడది ఆడ తానం జేస్తది. అది గూడ చెప్తదా?”

“మనిషని చెప్తాది మామా. సోమత్తని చెప్పదు.”

“బతికిన” అంది సోమి. అందరూ నవ్వారు.

వేసవి నీళ్ళలో ఉండే చేపలు అందరికీ తెలిసినవే. అసలు కావలసింది తొలివాన నీళ్ళు, ఎదురెక్కే చేపలు మడుగు చేరిన రోజు నీళ్ళు. యేసుపాదానికి దిగులల్లా అక్కడే. వాన పడితే ఉసూర్ దాటాక దారి మునుగుతుంది. బయటివాళ్ళను క్యాంపు అవతలికి పోనివ్వరు. దారి తెరుచుకునేసరికి చేపలు గుడ్లు పెట్టి కిందికి దిగిపోతాయి. అందుకని సోమికే పని నేర్పాడు. తొడుగులేసుకోవాలి, నీళ్ళను చేత్తో ముట్టకూడదు, రెండు సీసాల నీళ్ళూ పూర్తిగా డబ్బీలోంచి పోవాలి, ఆఖర్న చిన్న గొట్టంలోని మందునీళ్ళు డబ్బీలో నింపి బిగించాలి.

“రెండు సీసాలూ అయ్యేదాకా వదలకత్తా. తక్కువైతే కమిటీవోళ్ళు ఒప్పుకోరు” అన్నాడు రెండుసార్లు.

సోమి అతని ముందే చేసి చూపించింది. ఆ తేటనీళ్ళకు సిరంజి నూనె రాసినట్టు జారింది. “ఇంతేనా?” అంది. “ఇంతే” అన్నాడు యేసుపాదం. సంచీ ఆమె చేతికిచ్చి వెళ్ళిపోయాడు. సోమి దాన్ని దూలానికి కట్టి, మాడను ముట్టుకోనివ్వలేదు.

ఆ యేడు తొలివాన గట్టిగానే పడింది. తెల్లారేసరికి గుట్టల మధ్య నుంచి వాగు గర్జిస్తూ దిగింది. సోమి సంచీ తలకెత్తుకుని, గొంగడి కప్పుకుని లోయ ఎక్కింది. చేపలు వస్తున్నాయి. బండల మీద నీళ్ళకంటే చేపలే ఎక్కువన్నట్టుంది. జెల్లలు, పక్కెలు, పేరు తెలియని వెండి చారల చేపలు. బండపట్టులైతే నల్లరాయి మీద వేళ్ళు ఆనించినట్టు వరసగా అంటుకుని ఉన్నాయి. పైన మడుగులో నీరు వాటి కదలికకే కుతకుతలాడుతున్నట్టుంది. సోమికి కళ్ళు నిండాయి. ఇక రుజువుకేం తక్కువ?

తొడుగులేసుకుని, చెప్పినట్టే నీళ్ళు ముట్టకుండా సీసాలు నింపింది. బండ మీద కూర్చుని సిరంజి నెట్టింది. మొదట కొంచెం పోయింది. తరవాత బిగుసుకుంది. నీళ్ళు మామూలు నీళ్ళా! జావలా ఉన్న ఎర్రబురద. డబ్బీ గొంతులో మట్టి పేరుకుపోయింది. మోకాళ్ళ మధ్య పెట్టుకుని బలమంతా వేసి నెడితే సిరంజి మూతి ఊడి, నీళ్ళు మొహాన చిమ్మాయి. ఆ డబ్బీ పాడయింది. సంచీలో మిగిలింది ఇంకొక్కటే.

యేసుపాదానికి ఫోను చేద్దామంటే ఆ వానకు గుట్ట మీద కూడా సిగ్నలు లేదు. అడుగుదామంటే మనిషి లేడు. రెండు సీసాలూ పోవాలన్న మాటొకటే చెవిలో ఉంది. సోమి బండ మీద వానలో కూర్చుని చాలాసేపు ఆ సీసాల వంకే చూసింది. అంత దూరాన నగరంలో, పెద్ద ల్యాబులో, తెల్లబట్టలవాళ్ళకు మన ఊరి తరఫున పోయే నీళ్ళివి. బురదతో పంపితే వాళ్ళేం అనుకుంటారు? అలా అనుకున్నాక ఇంకేమీ తోచలేదామెకు. అన్నేళ్ళుగా బురదనీళ్ళు చూడగానే చేతులు చేసే పనే చేశాయి.

సీసాలు ఇంటికి తెచ్చింది. పండక్కి దాచిన కొత్త కుండ తీసి, మంచి గింజ ఏరి, లోపలి గోడకు అరగదీసి, నీళ్ళు పోసి మూత పెట్టింది. కోళ్ళను వాకిలి అవతలికి తరిమింది. పందిపిల్ల వస్తే కట్టె విసిరింది. నీళ్ళు తేరుకున్నాక పైతేట మెల్లగా సీసాల్లోకి వంచుకుంది. సీసాలు నిండాలని ఇంకో విడత వాగునీళ్ళు తెచ్చి అదే పని చేసింది. ఈసారి సిరంజి మే నెలలో లాగే జారిపోయింది. చుక్క మిగలకుండా రెండూ పోయాయి. మందునీళ్ళు నింపి మూత బిగించి “అల్లుడు చూస్తే నోరు తెరుస్తడు” అంది. కుండ అడుగున మిగిలిన బురద తీసుకుపోయి చిక్కుడు పాదులో పోసింది.

మాడ మునిగిన దారుల చుట్టూ తిరిగి ఆ డబ్బీని ఉసూర్‌లో బస్సు డ్రైవరుకు అప్పజెప్పి వచ్చాడు. అది యేసుపాదానికి చేరిందని ఆ తరవాత కబురొచ్చింది.

యేసుపాదం మళ్ళీ వచ్చింది వానలు వెనకబడుతున్న రోజుల్లో. మరునాడు ఉసూర్‌లో జన్ సున్వాయి, అంటే ఊళ్ళవాళ్ళ మాట వింటామని అధికారులు పెట్టే సభ. అతను వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు గానీ సోమి మొహంలోకి చూడలేదు.

“వచ్చిందా రాత?” అని అడిగింది సోమి.

“వచ్చిందత్తా.”

“చెప్పు మరి. మన బండపట్టు దొరికెనా?”

“దొరకలేదు. అది ఒక్కటే కాదు, చేపలే సరిగా దొరకలేదు. ఏవో రెండు రకాలు, అదీ అంతంతమాత్రం.” అతను సంచీలోంచి కాగితం తీసి చూశాడు. “మనిషి దొరికింది. కోడి, పంది దొరికాయి. వాటి ముక్కలే ఎక్కువ.”

గోడవారన ఆకులు కుడుతున్న మంగి పగలబడి నవ్వింది. “వదినా! నీ వాగుల కోళ్ళు ఈదుతున్నయంట! పందులు ఎదురెక్కుతున్నయంట!”

“నోరు ముయ్యి” అంది సోమి. చేపల్ని కళ్ళారా చూసింది తనే. “ఆ మిషను గుడ్డిదా అల్లుడా? నేను చూసిన. మడుగు నిండ ఉన్నయ్.”

“మిషను బాగానే ఉంది. మూడుసార్లు చదివించాను. కంప్యూటర్లో తప్పేమో అని లెక్క మళ్ళీ కట్టాను. నీళ్ళలో లేనిది అదెక్కడ్నుంచి తెస్తాది?” అన్నాడు విసుగ్గా. వెంటనే గొంతు తగ్గించాడు. “నీ మాట నమ్మలేదని కాదత్తా.”

అతను ఎండన పడి నడిచొచ్చాడు. రిపోర్టు ఎలా ఉన్నా, వచ్చినవాడికి నీళ్ళివ్వాలి. సోమి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. యేసుపాదం గటగటా సగం తాగి ఆగాడు. చెంబులోకి చూశాడు. వాకిలి అవతల వాగు ఇంకా ఎర్రగానే పారుతోంది. చెంబు అడుగున గీత కూడా కనబడుతోంది.

“ఇవెక్కడి నీళ్ళత్తా?”

“వాగుయే.”

“వాగులో ఇలా లేవు కదా.”

“చిల్లగింజేసిన” అంది సోమి. అదేం పెద్ద సంగతి అన్నట్టే అంది. “బురదంత కిందికి దిగుతది. నీ సీసాలకు గూడ ఏసిన. లేకుంటే ఆ సూదిల పోతదా బురద? గట్టిగ బిగుసుకపోయింది. తేటగ జేసి పంపిన.”

యేసుపాదం చెంబు కింద పెట్టాడు. మంగి కూడా కుట్టడం ఆపింది.

“ఏందల్లుడా? విషమా గింజ?”

“విషం కాదత్తా.” అతను రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. “చేప జిగురు, పొలుసు పొడి, ఆ రాత ఉన్న ముక్కలన్నీ మట్టికే అంటుకుని ఉంటాయి. గింజ మట్టిని పట్టి కిందికి దించితే అవీ దాంతోనే దిగిపోతాయి. పైన మిగిలేది వట్టి నీళ్ళు. ఇంటిదగ్గరి గాలి, కుండ, కోడి, మనం.”

“అంటే చేపలు...”

“బురదలోనే ఉన్నాయత్తా.”

సోమి నిలబడిన చోటే కూర్చుంది. “ఆ బురద చిక్కుడు పాదుల పోసిన” అంది. లేచి పాదు వైపు అడుగేసి, “తవ్వి తీస్తే?” అని అడిగింది.

“ఎన్ని వానలు పడ్డాయి దాని మీద!” అని యేసుపాదం నవ్వబోయాడు, నవ్వు రాలేదు. “తప్పు నాదే. తేటనీళ్ళ కాలంలో నేర్పాను. బురదొస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు. బురదనీళ్ళైతే కొంచెమే పోయినా చాలు, ఎన్ని చుక్కలు పోయాయో చెప్తే సరిపోద్దన్న ముక్క అనలేకపోయాను.”

“నువ్వు చెప్పింది ఒకటి జేసిన. చెప్పంది ఇంకొకటి జేసిన” అంది సోమి.

మాడ భార్య పక్కన వచ్చి కూర్చున్నాడు. ఏదో వెటకారం ఆడతాడని అందరూ అనుకున్నారు. ఆడలేదు.

యేసుపాదం గుట్ట మీదికెక్కి, సిగ్నలు దొరికిన చోట నిలబడి తన సారుకు ఫోను చేశాడు. కింద నుంచి సోమికి అతని చెయ్యి ఊగడమే కనబడింది. ముందు వేగంగా, తరవాత నెమ్మదిగా, ఆ తరవాత అస్సలు ఊగలేదు. దిగివచ్చి చెప్పాడు: రిపోర్టు అప్పుడే కమిటీకి పోయింది. వెనక్కి తీసుకోవడానికి గడువు దాటింది. రేపు సభలో లేచి చెప్పుకోమన్నారు.

మరునాడు ఉసూర్‌లో షామియానా కింద జనం బాగానే కూడారు. బల్ల వెనక పెద్ద అధికారి, ఆయన పక్కన కంపెనీ తరఫు నిపుణుడొకడు. యేసుపాదం లేచి హిందీలో జరిగింది జరిగినట్టు చెప్పాడు. నమూనా తేటపరచబడిందని, అందుకే చేపల ఆనవాలు దొరకలేదని, దొరకకపోవడానికీ లేకపోవడానికీ చాలా తేడా ఉందని, ఒక్క వానాకాలం గడువిస్తే మళ్ళీ తీస్తామని చెప్పాడు.

నిపుణుడు మర్యాదగానే విన్నాడు. “నమూనా పాడైందని మీరే అంటున్నారు. అంటే చేపలున్నాయనడానికి మీ దగ్గర ఏ రుజువూ లేనట్టేగా?” అన్నాడు.

యేసుపాదం “లేదు సార్” అన్నాడు.

అప్పుడు సోమి లేచింది. తమ దోర్లి భాషలో మొదలుపెట్టి, తెలుగులోకి వచ్చి, ఎవరికీ అర్థం కావడం లేదేమోనని వచ్చిన నాలుగు హిందీ ముక్కలూ కలిపింది. “సాబ్, మఛ్లీ హై. నేను చూసిన. పెండ్లైన కాడికెల్లి చూస్తున్న. మేం లేనప్పుడు గూడ వచ్చినయ్. తప్పు చేపలది కాదు, నాది. నాకు ఏం జుర్మానా ఏస్తరో ఏయుండ్రి. మట్టి మాత్రం ఆడ పొయ్యకుండ్రి.”

అధికారి చెడ్డమనిషేం కాదు. ఆమెను కూర్చోమన్నాడు. కుర్చీ తెప్పించాడు. పక్కవాడిని అడిగి ఆమె మాటల అర్థం తెలుసుకున్నాడు. “అమ్మా, జుర్మానా ఏమీ లేదు. మీ మాట రాసుకున్నాం” అన్నాడు. నిజంగానే రాయించాడు కూడా. తరవాతి మనిషిని పిలిచాడు. తరవాతి మనిషి పొలం గురించి మాట్లాడాడు.

తిరుగుదారిలో మంగి సోమి పక్కనే నడిచింది. “వదినా, ఇప్పుడేమైతది?” అంది.

“రాసుకున్నరంట” అంది సోమి.

ఆ చలికాలంలోనే లారీలు వచ్చాయి. మడుగు పైనుంచి మట్టి పోసుకుంటూ కిందికి వచ్చారు. వేసవికి లోయ ఉన్న చోట బల్లపరుపుగా ఒక ఎర్రగుట్ట లేచింది. పక్కన కాలువ తవ్వారు. అది గుట్ట పక్క నుంచి నిటారుగా పైపుల్లో దిగేది. యేసుపాదం ఒకసారి వచ్చాడు, గుట్టను చూసి, అన్నం తినకుండా పోబోతే సోమి ఊరుకోలేదు. తిన్నాడు. “అత్తా, ఆ పని ఇంక నాకు చేతకాదనిపిస్తంది” అన్నాడు. “ఏం జేస్తవ్ మరి?” అంటే, తెలియదన్నాడు.

వానాకాలం వచ్చింది. తొలి పెద్దవాన రాత్రంతా కురిసి, తెల్లారి కాస్త తెరిపిచ్చింది. సోమి వెళ్ళకూడదనుకుంది. వెళ్ళింది. మంగి, మరికొందరు ఆడవాళ్ళు అప్పటికే బుట్టలతో గట్టున నిలబడి ఉన్నారు. ఎవరూ నీళ్ళలోకి దిగలేదు.

చేపలు వచ్చాయి. ఎప్పట్లాగే కింది బండలెక్కి, మలుపు తిరిగి, మట్టిగుట్ట పాదం దగ్గర ఆగిపోయాయి. నీరు గుట్ట లోపలి నుంచి ఊటలా కారుతోంది, గంజిలా చిక్కగా. ముందున్నవి మట్టిని మూతితో పొడుస్తున్నాయి. వెనకవి వాటి మీదికెక్కుతున్నాయి. కొన్ని ఒడ్డున పడి కొట్టుకుంటున్నాయి.

సోమి బుట్ట నిండా చేపల్ని ఎత్తుకుని గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. అవతల మడుగులో ఏమైనా నీళ్ళు మిగిలాయేమోనని. వదులు మట్టిలో కాలు మోకాలిదాకా దిగబడింది. రెండుసార్లు పడింది. పైకెక్కి చూస్తే అవతల లోయ లేదు, మట్టే ఉంది. దూరంగా లారీ ఒకటి వెనక్కి వస్తూ కూత పెడుతోంది. ఆ గుట్ట మీద ఇప్పుడు సిగ్నలు బాగా వస్తుంది. మొలలోంచి మాడ ఫోను తీసి నొక్కింది.

“అల్లుడా, వచ్చినయ్.”

“ఏవత్తా?”

“చేపలు. బుట్టల వెట్టుకోని మట్టి మీద నిలబడ్డ. ఎటు వొయ్యాలె చెప్పు.”

లారీ కూతలో మాట వినబడదేమోనని ఆమె ఫోను చెవికి గట్టిగా ఒత్తుకుంది.

“అత్తా...” అన్నాడు యేసుపాదం. “నాకు తెలీదత్తా.”

సోమి ఫోను మొలలో దోపుకుని కిందికి దిగింది. బుట్టలో చేపలు అప్పటికే కదలడం మానాయి. గట్టున ఆడవాళ్ళు ఆమె వంకే చూస్తున్నారు. “ఏందొదినా?” అంది మంగి.

“పట్టుండ్రి” అంది సోమి. “కుళ్ళనిస్తమా?”

అందరూ దిగారు. పట్టడానికేముంది, ఎత్తుకోవడమే. ఆ పూట ఊళ్ళో చేపల కూర ఉడకని పొయ్యి లేదు. గుడ్లతో నిండుగా ఉన్నాయేమో, పులుసు చిక్కగా కుదిరింది. మాడ రెండోసారి పెట్టించుకున్నాడు. సోమి కూడా తింది.